చీటీలకు నేను పెట్టిన శీర్షికలు

ఆ పిల్లను నేనెప్పుడూ చూడలేదు. పేరు తెలుసు, ఇక్కడ రాయను. గుర్‌గావ్ అవతల పెద్ద పెద్ద ఫ్లాట్లు కట్టే చోట, కూలీల పిల్లల కోసం నడిపే ఒక చిన్న బడిలో ఒకటో తరగతి చదివింది. పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. జూలైలో చేరింది, మార్చిలో వెళ్లిపోయింది. ఆ మధ్యనున్న ఎనిమిది నెలల్లో బడిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ పిల్ల బడి పోవడంలో నా పాత్ర ఎంతో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాయమని నన్నెవరూ అడగలేదు.

నేను ఢిల్లీలో తెలుగు టీచర్ని. మాది కృష్ణా జిల్లా. పెళ్లయ్యాక ఆర్.కె. పురం క్వార్టర్స్‌కి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మా ఆయన ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. నా చేతిరాత బాగుంటుంది. గొప్పకు చెప్పడం లేదు, ఈ సంగతికి అది అవసరం. మా స్కూల్లో వార్షికోత్సవం బోర్డు, స్వాగతం బోర్డు, పదో తరగతి ఫలితాల బోర్డు అన్నీ నేనే రాస్తాను. చేతికి ఏ కాగితం వచ్చినా దిద్దకుండా వదలలేను. ఎవరింటి శుభలేఖలోనైనా అచ్చుతప్పు కనిపిస్తే, పెన్ను తీసి సరిచేశాకే పక్కన పెడతాను. "పెళ్లికి కూడా మార్కులేస్తావా" అని మా ఆయన నవ్వుతారు. ఆ అలవాటును చాలా ఏళ్లు నేను సుగుణమనే అనుకున్నాను.

ప్రతి ఫిబ్రవరిలో ఒక ఆదివారం మాకు ఉపాధ్యాయ సదస్సు ఉంటుంది. ఢిల్లీలో, నోయిడాలో, గుర్‌గావ్‌లో తెలుగు పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లందరూ వస్తారు. నాలాంటి స్కూలు టీచర్లు కొందరు. ఆదివారాలు అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌ల్లో తెలుగు క్లాసులు నడిపే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, గృహిణులు కొందరు. అందరం కలిస్తే ఎనభై, తొంభైమంది ఉంటాం. చెప్పుకోవడానికి అది మా సదస్సు. నిజానికి అక్కడ మా పని హాజరు షీటు మీద సంతకం పెట్టడం, సంచీ తీసుకోవడం, చప్పట్లు కొట్టడం. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చేవారు. దీపం, పుష్పగుచ్ఛాలు, శాలువాలు అయ్యేసరికి పదకొండున్నర. ఆ తర్వాత ఎవరో పెద్దాయన తరగతిలో పిల్లల్ని మాట్లాడనివ్వాలని రెండు గంటలు చెప్పేవారు. మేము నోరు మెదపకుండా వినేవాళ్లం. చివర్లో 'సందేహాలుంటే అడగండి' అని పావుగంట పెట్టేవారు గానీ, భోజనాలు చల్లారిపోతున్నాయని అదీ ఎత్తేసేవారు.

ఒక ఏడు భోజనాల వరసలో నిలబడి ఇదంతా గొణుక్కుంటుంటే, నా వెనకే ఉన్న సదస్సు కమిటీ సెక్రటరీగారు విన్నారు. ఆయన రిటైరైన కేంద్ర ప్రభుత్వ అధికారి, మంచి మనిషి. కోప్పడలేదు. ప్లేటులో పులిహోర వేసుకుంటూ, "అయితే వచ్చే ఏడు మీరే కమిటీలోకి రండి మేడం. ఎలా చెయ్యాలో చేసి చూపించండి" అన్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి నాకు దొరికింది కమిటీ.

పని ఇస్తే ఒళ్లు దాచుకునే మనిషిని కాను. నాకొక ఆలోచన వచ్చింది. సదస్సుకు నెల ముందే ప్రతి స్కూలుకూ, ప్రతి ఆదివారం క్లాసుకూ కబురు పంపాను. మీ క్లాసులో మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్న సంగతి ఒక్కటి చీటీ మీద రాసివ్వండి, పేరు రాయొద్దు, స్కూలు పేరూ రాయొద్దు, వాటి మీదే ఈసారి సదస్సు జరుగుతుంది అని చెప్పాను. వాట్సాప్‌లో పంపొచ్చా అని చాలామంది అడిగారు. వద్దన్నాను. వాట్సాప్‌లో నంబరు కనిపిస్తుంది. మాలో సగంమంది కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు. క్లాసులో ఇబ్బంది ఉందని చెప్తే నీకు పాఠం చెప్పడం రాదంటారని భయం. అందుకే కాగితం. నోయిడాకీ గుర్‌గావ్‌కీ మెట్రోలో నేనే తిరిగి కవర్లు తెచ్చుకున్నాను.

అరవై పైచిలుకు చీటీలు వచ్చాయి. శనివారం మధ్యాహ్నం బాల్కనీలో ఎండకు చాప వేసుకుని, వేయించిన పల్లీలు పక్కన పెట్టుకుని చదవడానికి కూర్చున్నాను. చదువుతుంటే కొన్నిటికి నవ్వొచ్చింది, కొన్నిటిని రెండోసారి చదివాను. ఒకరు రాశారు: 'పిల్లలు తెలుగులో అడిగితే హిందీలో చెప్తారు. వాళ్లమ్మలు పక్కనే కూచుని, మావాడికి రాదండీ అని మురిసిపోతారు.' ఇంకొకరు: 'స్టాఫ్ బాత్రూం తాళం క్లర్కు దగ్గర ఉంటుంది. అడగడానికి సిగ్గేసి పొద్దుట్నుంచీ నీళ్లు తాగను. మూడో పీరియడ్‌కి తల తిరుగుతుంది.' మరొకరు: 'ఒత్తులు నాకే తప్పు పోతున్నాయి. ఇరవై ఏళ్లుగా చెప్తున్నాను. ఎవరికి చెప్పుకోను?' ఇన్నేళ్లుగా పక్కపక్క కుర్చీల్లో కూర్చుని మేము ఒకరికొకరం చెప్పుకోని సంగతులు ఇవి.

ఆ కట్టలో ఒక చీటీ రూళ్ల పుస్తకంలోంచి చింపిన సగం కాగితం మీద పెన్సిల్‌తో రాసి ఉంది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

'నా క్లాసుల ఒక పిల్ల ఉన్నది. ఆరేండ్లు. జూలైల చేరింది. ఇయ్యాల్టి దాంక బడిల ఒక్క మాట మాట్లాడలే. తెలుగుల అడిగినా లే, హిందీల అడిగినా లే. ఇంట్ల మస్తు మాట్లాడుతదని వాళ్లమ్మ చెప్తది. మార్చిల నోటి పరీక్ష ఉన్నది. అండ్ల చెప్పకపోతే పిల్లను తీసేస్తమంటున్నరు. ఇట్లాంటి పిల్ల మీలో ఎవరి క్లాసులనన్న ఉండెనా? ఉంటే మీరేం చేసిండ్రు?'

చదివి ఆగాను. ఆగిన మాట నిజం. పల్లీలు తినడం మానేసి కాసేపు ఆ కాగితమే చూస్తూ కూర్చున్నాను. రాసిన అమ్మాయి ఎవరో గానీ ఎంత దిగులు పడుతోందో అనుకున్నాను. ఆ తర్వాత నాలోని టీచరు లేచింది. ఎనభైమంది వచ్చే సదస్సులో ఒక్క పిల్ల సంగతి ఎలా పెడతాం? ఎవరి క్లాసో తెలిసిపోతే ఆ అమ్మాయికి ముప్పు కాదూ? పైగా అరవై చీటీలు విడివిడిగా చదువుకుంటూ కూర్చుంటే సాయంత్రమవుతుంది. వీటిని ఒక పద్ధతిలో పెట్టాలి.

పెట్టాను. ఫుల్‌స్కేప్ కాగితం తీసి, అంచున గీత గీసి, ఆరు శీర్షికలు రాశాను. భాషాపరమైన సమస్యలు, మౌలిక వసతులు, తల్లిదండ్రుల సహకారం, ఇలాంటివి. ఒక్కో చీటీ తీసి, అందులోని సంగతిని చక్కటి భాషలో ఒక్క వాక్యం చేసి, దాని కింద చేర్చాను. బాత్రూం తాళం 'మౌలిక వసతుల అందుబాటు' అయింది. ఒత్తులు పోయే టీచరు 'ఉపాధ్యాయులకు పునశ్చరణ తరగతుల ఆవశ్యకత' అయింది. పెన్సిల్ చీటీని 'భాషాపరమైన సమస్యలు' కింద ఇలా రాశాను: 'వలస కుటుంబాల పిల్లల్లో తరగతిలో మాట్లాడేందుకు సంకోచం.' సంకోచం అన్న మాట పడగానే నాకు ఎంతో బాగుందనిపించింది. ఆ అమ్మాయి చివర్లో అడిగిన రెండు ప్రశ్నలూ ఏమయ్యాయో నేను చూసుకోలేదు. సమస్యల జాబితాలో ప్రశ్నలు పట్టవు.

సాయంత్రం మా ఆయన టీ తాగుతూ ఆ కాగితం చూశారు. ముప్పై ఏళ్లు ఫైళ్లు రాసిన మనిషి. "అచ్ఛా, భలే వచ్చిందోయ్. మా జాయింట్ సెక్రటరీకి పెట్టే నోట్‌లా ఉంది. ఒక్క మాట ఎక్కువ లేదు" అన్నారు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు సరికదా, రాత్రి అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాను.

సదస్సు బ్రహ్మాండంగా జరిగింది. అందరూ ఆ మాటే అన్నారు. మొదటిసారిగా టీచర్ల కష్టాలు తెర మీద కనిపించాయి. ఆరు శీర్షికలకూ ఆరుగురు నిపుణులను పిలిచాం. ఒక్కొక్కరూ ఇరవై నిమిషాలు చెప్పారు. భాషా సమస్యల మీద ఒక విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ప్రొఫెసర్‌గారు మాట్లాడారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో ఒక భాష ఉన్న పిల్లల గురించి మంచి మాటలే చెప్పారు. ఆయన తప్పేమీ లేదు. ఆయనకు మేమిచ్చింది ఒక్క వాక్యం. సెక్రటరీగారు నాకు శాలువా కప్పించి, "ఇదీ కిందనుంచి పైకి వచ్చిన సదస్సంటే" అని మైకులో అన్నారు. నేను తల వంచుకుని నమస్కారం పెట్టాను. సిగ్గుతో కాదు, గర్వం కనపడకూడదని.

భోజనాల దగ్గర ఒక అమ్మాయి నా దగ్గరకొచ్చింది. పాతికేళ్లుంటాయేమో, సన్నగా ఉంది, చేతిలో ప్లేటు లేదు.

"మేడం, చీటీలన్నీ మీరే చదివిండ్రా?" అంది.

"అన్నీ నేనే చదివానమ్మా. ఒక్కటీ వదల్లేదు. ప్రతి చీటీ తెర మీదికి వచ్చింది" అన్నాను.

"అచ్ఛా" అంది. ఇంకేదో అడగబోతుందనుకున్నాను. ఇంతలో ఎవరో ఫోటోకి పిలిచారు. నేను వెళ్లిపోయాను.

మళ్లీ ఆ అమ్మాయి ఏప్రిల్‌లో మా ఇంటికి వచ్చింది. ఏదో టీచర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటోంది, సదస్సుకు హాజరైనట్టు సర్టిఫికెట్టు కావాలి. కటవారియా సరాయ్‌లో ఇద్దరు అమ్మాయిలతో కలిసి గదిలో ఉంటూ, పరీక్షలకు చదువుకుంటూ, పగలు గుర్‌గావ్ వెళ్లి ఆ కూలీల పిల్లల బడిలో పని చేస్తోందని అప్పుడే తెలిసింది. మాకూ ఆ గదికీ ఎంతో దూరం లేదు. సర్టిఫికెట్టు మీద పేరు రాస్తూ, మాటవరసకు, ఈ ఏడు క్లాసు ఎలా నడిచిందమ్మా అని అడిగాను.

"మంచిగనే నడిచింది మేడం. ఒక్క పిల్ల పోయింది" అంది.

"పోయిందంటే?"

"టీసీ ఇచ్చి పంపేసిండ్రు. బడిల మాట్లాడకపోతుండె. నోటి పరీక్షల నిలబెడితే గోడకు ఆనుకోని అట్లనే నిలబడ్డది, పావుగంట. నేనే అడిగిన. పెద్ద మేడం పక్కన కూసున్నరు. ఈ పిల్ల మన బడికి పనికిరాదు, వేరే బడి సూస్కోండ్రి అని వాళ్ల నాయినకు చెప్పిండ్రు. ఆయన కూలి మనిషి, ఏం జేస్తడు. చదువు అబ్బలేదు అనుకున్నడు. వారం దినాలల్ల పని కాడ లెక్క తీస్కోని యేడికో పోయిండ్రు. ఫోన్ జేస్తే కలుస్తలేదు."

చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. అయినా అడిగాను.

"ఆ పెన్సిల్ చీటీ నీదా?"

"నాదే మేడం."

లోపలికి వెళ్లి అలమారాలోంచి కవరు తీసుకొచ్చాను. చీటీలు పారేయలేదు, నా దగ్గర ఏ కాగితమూ ఊరికే పోదు. వెతికి ఆ సగం కాగితం తీసి తన ముందు పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. చూడు, జాగ్రత్తగా దాచాను అని చెప్పుకోవడానికేమో. ఆ అమ్మాయి కాగితం ముట్టుకోలేదు.

"తెర మీద చూసిన మేడం. మీరు మంచిగనే రాసిండ్రు. నా సంగతే అని నాకు గుర్తు పట్టనీకి కొంచెం టైం పట్టింది" అంది. వెక్కిరింత కాదు. మామూలుగానే చెప్పింది. ఆ తర్వాత, "కానీ నేను సంకోచం గురించి అడగలే మేడం. ఇట్లాంటి పిల్ల ఇంకెవరికన్న ఉండెనా అని అడిగిన" అంది.

నేను ఏమన్నాను? ఎవరి క్లాసో తెలిసిపోతుందని భయపడ్డానన్నాను. టైము చాలదనుకున్నానన్నాను. రెండూ అబద్ధాలు కావు. అన్నిటికీ ఆ అమ్మాయి తలాడించింది. టీ తాగి, సర్టిఫికెట్టు తీసుకుని, దండం పెట్టి వెళ్లిపోయింది. నామీద కోప్పడి ఉంటే బాగుండేది. ఆ రోజంతా నామీద నాకు ఎంత ఒళ్లు మండిందో చెప్పలేను. ఏడుపూ వచ్చింది. ఇరవై ఏళ్లుగా పిల్లలకు 'ప్రశ్న జాగ్రత్తగా చదివి జవాబు రాయండి' అని చెప్తున్న మనిషిని, నాకు వచ్చిన ప్రశ్నను చదివి, ప్రశ్నార్థకం కొట్టేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో సమస్యగా రాసి పెట్టాను. తప్పులు దిద్దేవాళ్లు తప్ప ఇంకెవరూ ఇలాంటి తప్పు చెయ్యరు.

తర్వాతి ఏడు కమిటీ సమావేశంలో నేను కొంచెం మొండిగా మాట్లాడాను. ఈసారి శీర్షికలు వద్దు, నిపుణులు వద్దు, పొద్దున్నంతా చీటీలు ఎలా రాస్తే అలాగే చదువుదాం, జవాబు తెలిసినవాళ్లు లేచి చెప్తారు అన్నాను. సెక్రటరీగారు నొచ్చుకున్నారు. "పోయినేడు అంత బాగా చేశారు కదా మేడం. ఇప్పుడు ఇదేమిటి? ముఖ్య అతిథి లేకుండా హాల్ ఎవరిస్తారు? చీటీలు చదివితే సదస్సవుతుందా?" అన్నారు. మిగతావాళ్లూ ఆయనవైపే మాట్లాడారు. ఎందుకు మారుస్తున్నానో చెప్పి ఉంటే ఒప్పుకునేవాళ్లేమో. ఆ పిల్ల సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి రాజీ కుదిరింది. ముఖ్య అతిథీ శాలువాలూ భోజనాల తర్వాత, పొద్దున్న మూడు గంటలు నావి. చీటీలు మళ్లీ కొత్తగా తెప్పించాను.

సదస్సుకు ముందురోజు పెన్సిల్ చీటీ రాసిన అమ్మాయికి ఫోన్ చేసి రమ్మని పిలిచాను. వస్తానంది. ఫోన్ పెట్టేయబోతుంటే, "మేడం, పోయినేటి నా చీటీ ఉన్నదా?" అని అడిగింది.

"ఉంది."

"రేపు అది చదువుండ్రి."

"ఆ పిల్ల లేదు కదమ్మా ఇప్పుడు."

"ఇంకో పిల్ల వస్తే నేనేం జెయ్యాలె మేడం? నాకు ఇప్పటికీ తెల్వదు" అంది.

ఆ ఆదివారం పొద్దున్న హాల్లో కుర్చీలు గుండ్రంగా వేద్దామనుకున్నాను. కుదరలేదు. నాలుగేసి కుర్చీలు కలిపి కింద ఇనుప పట్టీ బిగించి ఉన్నాయి, కదిలించలేం. వరసల్లోనే కూర్చున్నారు. నేను స్టేజీ ఎక్కకుండా కిందే నిలబడి మైకు తీసుకున్నాను. మొదటి చీటీ చదివాను. ఎవరూ చెయ్యెత్తలేదు. రెండోది చదివాను. వాళ్లలో వాళ్లు చూసుకున్నారు తప్ప ఎవరూ లేవలేదు. పెళ్లిలో వధువు తరఫువాళ్లు మగపెళ్లివారి వైపు చూసినట్టు, అందరూ ఖాళీ స్టేజీ వైపు చూస్తున్నారు. సెక్రటరీగారు వాచీ చూసుకున్నారు.

మూడోది పిల్లలు హిందీలో జవాబు చెప్పడం గురించి. అది చదివాక నోయిడా నుంచి వచ్చే ఒకావిడ, ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తూ ఆదివారం క్లాసు నడుపుతుంది, కూర్చున్నచోటి నుంచే, "నేను చెప్పొచ్చా? మైకు వద్దండీ" అంది. వాళ్లు హిందీలో చెప్తే తాను ఒప్పేసుకుంటానని, అదే మాట వెనక్కి తెలుగులో తానే చెప్తానని, కొన్నాళ్లకు వాళ్లే అందించడం మొదలుపెట్టారని చెప్పింది. అలా కుదరదని వెనకనుంచి ఒకాయన వాదనకు దిగారు. ఇంకొకరు ఆవిడను సమర్థించారు. హాలంతా ఒకటే మాటలు. ఆ గోల వింటుంటే నాకు ఎక్కడలేని ధైర్యమూ వచ్చింది. ఇరవై ఏళ్లలో ఆ హాల్లో టీచర్ల గొంతు అంత గట్టిగా నేను వినలేదు.

ఆ తర్వాత పెన్సిల్ చీటీ తీశాను. ఇది పోయినేటిదని చెప్పలేదు. ఒక్క అక్షరం మార్చకుండా, ఆ అమ్మాయి యాసలోనే చదివాను. 'ఇట్లాంటి పిల్ల మీలో ఎవరి క్లాసులనన్న ఉండెనా? ఉంటే మీరేం చేసిండ్రు?' దగ్గర ఆగాను. హాలు సద్దుమణిగింది.

మూడో వరసలో ఒక పెద్దావిడ లేచింది. డెబ్బైకి దగ్గరగా ఉంటాయి. మునిసిపల్ స్కూల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు యమున అవతల వాళ్ల అపార్ట్‌మెంట్‌లో పిల్లలకు తెలుగు చెప్తోంది. ప్రతి సదస్సుకూ వస్తుంది. చివరిదాకా కూర్చుని, సంచీ తీసుకుని వెళ్తుంది. ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. విజయనగరం వైపు మనిషని అప్పుడే తెలిసింది.

"నా కలాసులో ఉండీదమ్మా అలాటి పిల్ల" అంది. "ఏడాదిన్నర మాటాడనేదు. ఇంటికాడ వాగుడుకాయేనట. బళ్లోకొస్తే నోరు కుట్టీసినట్టు. మొదట్లో నానూ తప్పే చేసీసేను. అందరి ముందూ నిలబెట్టి అడిగీదాన్ని. అడిగినకొద్దీ బిగుసుకుపోయీది. మరింక అడగడం మానీసేను. ఎదురుగా కూకోడం కూడా మానీసి, పక్కన కూకునీదాన్ని. ఏదో బొమ్మ ఏస్తా, నాలో నానే మాటాడుకుంటా. ఆళ్లమ్మ ఫోన్లో ఇంటికాడ పిల్ల పాటం సదివితే రికార్డు చెయ్యమన్నాను. అది తెచ్చింది. పిల్లా నానూ ఇద్దరవే ఓ మూల కూకుని, చెవి కాడ పెట్టుకుని విన్నాం. నీ గొంతు బాగుందమ్మా అన్నాను, అంతే. మర్నాడు ఇంకోటి తెచ్చింది. కొన్నాళ్లకి పక్క పిల్ల చెవిలో చెప్పీది, ఆ పిల్ల నాకు చెప్పీది. మరి కొన్నాళ్లకి నా చెవిలోనే చెప్పింది."

"మరి నోటి పరీక్ష?" అని అడిగింది వెనకనుంచి ఆ అమ్మాయి గొంతు.

"ఆ ఫోనులోనే తీసుకున్నానమ్మా. హెడ్మాస్టరు ఒప్పుకోలేదు. ఇనిపించేను. పిల్ల గడగడా సదివీసింది కదా, ఇంకేటంటాడు. మార్కులేసీసేడు. ఇప్పుడా పిల్ల బ్యాంకులో చేస్తంది. కౌంటర్లో."

ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లు కొట్టలేదు, రాసుకుంటున్నారు. పరీక్ష హాల్లో పిల్లల్లా అందరూ తలలు వంచుకుని రాసుకుంటున్నారు. చేతిలో మైకుతో నిలబడి నేను లెక్క వేసుకుంటున్నాను. అమ్మ ఫోను, ఒక మూల, కొన్ని నెలలు. పోయినేడు ఫిబ్రవరి నుంచి నోటి పరీక్షకు నెల మాత్రమే ఉంది. ఆ లోపు ఆ పిల్ల గొంతు పెగిలేది కాదేమో. ఫోనులో రికార్డు చెయ్యడానికి మాత్రం నెల అక్కర్లేదు. ఒక సాయంత్రం చాలు.

పెద్దావిడ ఇంకా కూర్చోలేదు. వెనక్కి తిరిగి ఆ అమ్మాయిని వెతుక్కుంది.

"ఈ చీటీ నీదేటమ్మా? ఎలాగుందిప్పుడు పిల్ల? మాటాడతందా?"

అమ్మాయి లేచి నిలబడింది. "తెల్వదు మేడం. పోయిన మార్చిలనే తీసేసిండ్రు. యేడున్నరో తెల్వదు."

"పోయిన మార్చా?" అంది పెద్దావిడ. ఆవిడకు అర్థం కాలేదు. "అయితే ఇది పోయినేటి మాటా? పోయినేడు నానొచ్చేను కదమ్మా. ఈ వరసలోనే కూకున్నాను, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా. అప్పుడడిగుంటే అప్పుడే చెప్పీదాన్ని కదా. ఎందుకడగనేదు?"

ఆ అమ్మాయి నావైపు చూడలేదు. నేలవైపు చూస్తోంది. నా పేరు బయటపెట్టకూడదని అలా నిలబడిందని నాకు తెలుసు. నేను ఇంకో చీటీ తీసి చదివేసి ఉంటే ఆ క్షణం దాటిపోయేది.

"అడిగిందండీ" అన్నాను మైకులో. "పోయినేడు కూడా ఇదే కాగితం మీద, ఇవే మాటల్లో అడిగింది. నేనే మీకు చదివి వినిపించలేదు."

పెద్దావిడ నావైపు తిరిగింది. ఆ తర్వాత చీర కుచ్చిళ్లు సర్దుకుని, కూర్చుంది.